ఊపిరి దారిలో అడ్డు ఎక్కడ పడింది? గొంతు నుంచి వాయుగోణుల దాకా

చలికాలం రాగానే ఊపిరితిత్తుల డాక్టర్లయిన పల్మనాలజిస్టుల దగ్గర క్యూ పెరుగుతుంది. ఢిల్లీ గాలి మీద టీవీ చర్చలు మొదలవుతాయి. ఫోన్‌లో గాలి ఎంత కలుషితమో చెప్పే ఏక్యూఐ అంకె చూసుకుని బయటికెళ్ళే అలవాటు ఇప్పుడు హైదరాబాద్, విశాఖల్లోనూ కనిపిస్తోంది. ఇంట్లో పెద్దాయనకు ఆయాసం, మనవడికి పిల్లికూతలు, పక్కింటావిడకు నెలల తరబడి పొడిదగ్గు. ఉబ్బసం, నెమ్ము, బ్రాంకైటిస్, అలర్జీ, సీవోపీడీ (గాలి దారులు శాశ్వతంగా ఇరుకయ్యే జబ్బు) అనే మాటలను ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటాం. రిపోర్టు చేతికొచ్చాక అందులోని పేర్లు చూసి టెన్షన్ ఇంకాస్త పెరుగుతుంది.

ఈ పేర్ల వెనకున్న చిక్కు విప్పడానికి ఒక ప్రశ్న చాలావరకు పనికొస్తుంది. గాలి వెళ్ళే దారిలో అడ్డు ఎక్కడ పడింది? ముక్కు నుంచి ఊపిరితిత్తుల చివర ఉండే బుల్లి గాలి గదులైన వాయుగోణుల దాకా ఉన్న దారిలో ఒక్కో చోట గొట్టం నిర్మాణం ఒక్కో రకం. అందుకే అడ్డు పడిన చోటును బట్టి రోగి చేసే శబ్దం మారుతుంది, పరీక్షలో కనిపించేది మారుతుంది, పనిచేసే మందూ మారుతుంది. కొన్ని చోట్ల సగం గొట్టాలు పాడైనా మనిషికి తెలియదు. నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది ఆ చివరి సంగతే.

గొంతులో రెండు దారులు, ఒక కూడలి

ముక్కు నుంచి వచ్చే గాలి, నోటి నుంచి వచ్చే ఆహారం గొంతులో కలుస్తాయి. అక్కడి నుంచి ముందువైపు స్వరపేటిక, దాని కింద వాయునాళం. వెనకవైపు ఆహారవాహిక. మింగిన ప్రతిసారీ స్వరపేటిక పైకి లేస్తుంది, మూతలాంటి ఉపజిహ్విక దాని మీదకు వాలుతుంది, స్వరతంత్రులు దగ్గరికి మూసుకుంటాయి, ఆ క్షణం ఊపిరి ఆగుతుంది. అన్నం తింటూ మాట్లాడినా, నవ్వినా ఈ వరస తప్పుతుంది. అప్పుడే పొలమారుతుంది. పొలమారినప్పుడు ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తడతాం గానీ, ఆ ఉక్కిరిబిక్కిరి దగ్గు మనల్ని కాపాడే ఏర్పాటు. స్వరపేటిక దగ్గరి పొర మెతుకు తగలగానే గుర్తుపడుతుంది. పక్షవాతం వచ్చినవారిలో, మత్తులో ఉన్నవారిలో ఈ స్పందన తగ్గిపోతుంది. అందుకే వారికి ఆహారం, లాలాజలం ఊపిరితిత్తుల్లోకి జారి నెమ్ము చేసే ప్రమాదం ఎక్కువ.

ఏటా జూన్‌లో మృగశిర కార్తె నాడు ఈ రెండు దారుల విషయం మన దగ్గర చర్చకొస్తుంది. హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఉబ్బసం ఉన్నవారికి చేప ప్రసాదం ఇస్తుంది. బతికున్న చిన్న కొరమీను నోట్లో మందు ముద్ద పెట్టి మింగిస్తారు. చేప కదులుతూ వెళ్ళి లోపలి కఫాన్ని వదిలిస్తుందని నమ్మేవారు చెబుతారు. ప్రసాదంతో తమకు నయమైందనేవారు ఎందరో ఉన్నారు. ఉబ్బసానికి ఇది పనిచేస్తుందని శాస్త్రీయ పరీక్షల్లో తేలలేదని వైద్యులు, జన విజ్ఞాన వేదిక వంటి సంఘాలు అంటాయి. ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. చేప శుభ్రం చేస్తుందా అన్నదానికి శరీర నిర్మాణమే జవాబు చెబుతుంది. మింగిన చేప ఆహారవాహికలోకి వెళుతుంది. ఉబ్బసంలో ముడుచుకునేవి వాయునాళం దాటాక వచ్చే కొమ్మలు. ఆ రెండూ కలిసే చోటు లేదు. మందులోని మూలికలు రక్తంలో కలిసి పనిచేస్తాయా అన్నది వేరే ప్రశ్న. మింగిన మాత్రలు అలా పనిచేస్తాయి కాబట్టి అది ఊహించరానిదేం కాదు. కాకపోతే అది తేలాల్సింది మందు తీసుకున్నవారిని, తీసుకోనివారిని పోల్చి చూసే పరీక్షలోనే. ఉబ్బసం దానంతటదే తగ్గుతూ పెరుగుతూ ఉండే జబ్బు కాబట్టి ఆ పోలిక లేకుండా ఎవరి అనుభవమూ నిర్ణయం చెప్పలేదు.

పల్లీ గింజ కుడివైపే ఎందుకు పోతుంది

వాయునాళం పొడవు 10 నుంచి 12 సెంటీమీటర్లు, వెడల్పు రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. గొంతు కింద వేలితో తడిమితే గట్టిగా తగిలేవి దాని మృదులాస్థి వలయాలు. ఇవి 16 నుంచి 20 దాకా ఉంటాయి. ఏదీ పూర్తి వలయం కాదు. వెనకవైపు తెరిచి ఉండి, ఆ ఖాళీలో మెత్తని కండరం పరుచుకుని ఉంటుంది. దాని వెనకే ఆహారవాహిక. పెద్ద ముద్ద మింగితే ఆహారవాహిక ఉబ్బడానికి ఆ మెత్తదనం చోటిస్తుంది. ముందువైపు మృదులాస్థి గట్టిగా ఉండటం వల్ల ఊపిరి బలంగా పీల్చినా వాయునాళం అతుక్కుపోదు.

ఛాతీ మధ్యలో వాయునాళం రెండు శ్వాసనాళాలుగా చీలుతుంది. ఈ రెండూ సమానం కావు. కుడిది దాదాపు రెండున్నర సెంటీమీటర్ల పొడవుండి, వెడల్పుగా, నిటారుగా దిగుతుంది. ఎడమది సుమారు ఐదు సెంటీమీటర్ల పొడవుండి, సన్నగా, గుండెను తప్పించుకుంటూ పక్కకు వాలుతుంది. పైనుంచి జారే వస్తువు ఎక్కువసార్లు కుడివైపుకే పోతుంది. అందుకే మూడేళ్ళలోపు పిల్లల ఎక్స్‌రే చూసే డాక్టర్ల కన్ను ముందు కుడివైపు మీద పడుతుంది.

ఒక పల్లీ గింజ సంగతి చూద్దాం. పిల్లాడు ఆడుకుంటూ పల్లీలు తిన్నాడు, ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరై దగ్గాడు, కాసేపటికి సర్దుకున్నాడు. ఇంట్లోవాళ్ళు గింజ బయటికొచ్చేసిందో, కడుపులోకి పోయిందో అనుకుంటారు. నిజానికి అది కుడి శ్వాసనాళంలో ఇరుక్కుని ఉండొచ్చు. ఊపిరి పీల్చినప్పుడు ఆ నాళం కొద్దిగా విచ్చుకుంటుంది, గింజ పక్కనుంచి గాలి లోపలికి పోతుంది. వదిలేటప్పుడు నాళం సన్నబడి గింజ చుట్టూ బిగుసుకుంటుంది, గాలి బయటికి రాదు. ప్రతి ఊపిరికీ కొంత గాలి లోపల మిగిలి ఆ పక్క ఊపిరితిత్తి ఉబ్బుతుంది. ఎక్స్‌రేలో పల్లీ గింజ కనిపించదు. ఊపిరి వదిలినప్పుడు తీసిన ఫిల్మ్‌లో ఒకవైపు తిత్తి మాత్రం తగ్గకుండా నల్లగా ఉబ్బి ఉంటుంది. గింజలోని నూనె లోపలి పొరను రేపి వాపు తెస్తుంది. నెలల తరబడి "ఒకే వైపు మళ్ళీ మళ్ళీ నెమ్ము" అని మందులు వాడిన పిల్లల్లో చివరికి సన్నని కెమెరా గొట్టంతో శ్వాసనాళాలను చూసే బ్రాంకోస్కోపీలో గింజ బయటపడిన ఉదాహరణలు వైద్య పత్రికల్లో కొల్లలు.

ఇరవై మూడు చీలికలు

ఒక్కో శ్వాసనాళం ఊపిరితిత్తిలోకి వెళ్ళాక మళ్ళీ మళ్ళీ రెండుగా చీలుతూ పోతుంది. కుడి తిత్తికి మూడు తమ్మెలు (భాగాలు), ఎడమ తిత్తికి రెండు. స్విట్జర్లాండ్‌కు చెందిన శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఎవాల్డ్ వైబెల్ 1963లో ఈ చీలికలను కొలిచి ఒక నమూనా ఇచ్చాడు. వాయునాళాన్ని సున్నాగా లెక్కిస్తే 23 చీలికల దాకా వెళుతుంది. నిజమైన ఊపిరితిత్తుల్లో కొన్ని దారులు ముందే ముగుస్తాయి, కొన్ని ఇంకాస్త సాగుతాయి. అయినా లెక్కలకు ఇప్పటికీ ఆ నమూనానే ఆధారం.

మొదటి పది పదకొండు చీలికల వరకు గోడల్లో మృదులాస్థి ముక్కలుంటాయి. వాటిని శ్వాసనాళాలంటాం. ఆ తర్వాత మృదులాస్థి పూర్తిగా పోతుంది. మిల్లీమీటరు, అంతకంటే తక్కువ వెడల్పున్న ఆ గొట్టాలు శ్వాసనాళికలు. పదహారో చీలిక దగ్గర వెడల్పు సుమారు 0.6 మిల్లీమీటర్లు. అక్కడిదాకా గాలి ప్రయాణం తప్ప ఆక్సిజన్ మార్పిడి జరగదు. పదిహేడు నుంచి గోడల మీద వాయుగోణులు మొదలవుతాయి, చివరికి అన్నీ అవే. ఒక్కోటి మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా ఉండదు. మొత్తం సంఖ్యను 30 కోట్ల నుంచి 50 కోట్ల దాకా రకరకాల పరిశోధకులు లెక్కగట్టారు.

ఈ విభజన తెలిస్తే జబ్బుల పేర్లు వాటి చోట్లలో కూర్చుంటాయి. నెమ్ము అంటే వాయుగోణుల్లో చీము, నీరు చేరడం. బ్రాంకైటిస్ శ్వాసనాళాల లోపలి పొరకు వచ్చిన వాపు. ఉబ్బసం పెద్ద, చిన్న శ్వాసనాళాలు రెండిట్లోనూ ఉండే దీర్ఘకాలపు వాపు, బిగుతు. సీవోపీడీలో శ్వాసనాళికలు, వాయుగోణులు రెండూ దెబ్బతింటాయి. ఆయాసం వీటన్నిటిలోనూ కనిపించే లక్షణం మాత్రమే. గుండె జబ్బులో, రక్తహీనతలో కూడా వస్తుంది.

మార్పిడి జరగని ఆ మొదటి భాగంలో ఎప్పుడూ దాదాపు 150 మిల్లీలీటర్ల గాలి ఉంటుంది. దీనివల్ల ఒక చిత్రమైన లెక్క వస్తుంది. ఒకరు నిమిషానికి 12 సార్లు, సారికి 500 మిల్లీలీటర్ల చొప్పున పీలుస్తున్నారు. మొత్తం 6 లీటర్లు. ఒక్కో ఊపిరిలో 150 దారిలోనే మిగిలిపోతే వాయుగోణులకు చేరేది 350, అంటే నిమిషానికి 4.2 లీటర్లు. ఇంకొకరు ఎగఊపిరితో నిమిషానికి 24 సార్లు, సారికి 250 చొప్పున పీలుస్తున్నారు. మొత్తం అదే 6 లీటర్లు. కానీ చేరేది సారికి 100 మాత్రమే, నిమిషానికి 2.4 లీటర్లు. ఊపిరులు రెట్టింపు, లాభం సగానికి కాస్త పైన. డొక్కలు ఎగరేస్తూ పైపైన ఊపిరి తీసుకునే పిల్లాడు త్వరగా అలిసిపోవడానికి ఒక కారణం ఇదే.

సన్నని గొట్టాల్లో అడ్డు తక్కువ

గొట్టం సన్నబడితే గాలికి అడ్డు పెరగాలి కదా. ఒక్క గొట్టాన్ని చూస్తే అంతే. సాఫీగా పారే గాలికి అడ్డు వ్యాసార్ధం నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది. వ్యాసార్ధం సగమైతే అడ్డు 16 రెట్లవుతుంది. పిల్లలకు గొంతు వాపు ప్రమాదకరం కావడం ఈ లెక్క వల్లే. పసిబిడ్డ స్వరపేటిక కింద దారి 4 మిల్లీమీటర్ల వెడల్పుంటే, చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాపు వస్తే మిగిలేది 2. అడ్డు 16 రెట్లు. అదే వాపు 8 మిల్లీమీటర్ల దారిలో వస్తే మిగిలేది 6, అడ్డు మూడు రెట్లకు కాస్త పైన. జలుబుతో పెద్దవాళ్ళకు గొంతు బొంగురుపోతే, పిల్లలకు ఊపిరే అందకపోవచ్చు.

ఊపిరితిత్తుల లోపల మాత్రం లెక్క తలకిందులవుతుంది. గోదావరి డెల్టాలో ప్రధాన కాలువ పిల్ల కాలువలుగా, అవి పంట బోదెలుగా చీలితే ప్రధాన కాలువలో ఉరికే నీరు బోదెల్లో నెమ్మదిగా పాకుతుంది. బోదె ఒక్కోటి చిన్నదే, అన్నీ కలిపితే వెడల్పు చాలా ఎక్కువ. వైబెల్ కొలతలతో చూస్తే వాయునాళం వెడల్పు 18 మిల్లీమీటర్లు, అడ్డుకోత వైశాల్యం రెండున్నర చదరపు సెంటీమీటర్లు. పదహారో చీలికలో 65,536 గొట్టాలు. వాటి మొత్తం వైశాల్యం 185 చదరపు సెంటీమీటర్ల దగ్గర, అంటే 70 రెట్లు ఎక్కువ. నెమ్మదిగా పీల్చినప్పుడు వాయునాళంలో గాలి సెకనుకు రెండు మీటర్ల వేగంతో పోతుంటే, ఇక్కడ రెండు మూడు సెంటీమీటర్లకు పడిపోతుంది. వాయుగోణుల దగ్గర దాదాపు ఆగిపోతుంది. చివరి మిల్లీమీటర్లు ఆక్సిజన్ అణువులు తమంతట తాము వ్యాపించి దాటుతాయి.

ఇక అడ్డు లెక్క. పదహారో చీలిక గొట్టం వ్యాసార్ధం వాయునాళంలో 30వ వంతు. 30ని నాలుగుసార్లు గుణిస్తే 8,10,000. అంటే సమాన పొడవుకు ఒక్కో గొట్టం అడ్డు ఎనిమిది లక్షల రెట్లు. అవి 65,536 పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి అన్నిటికీ కలిపి 12 రెట్లకు దిగుతుంది. కానీ దాని పొడవు 1.65 మిల్లీమీటర్లు, వాయునాళానిది 120. అంటే 73వ వంతు. చివరికి ఆ వరస మొత్తం కలిపి ఇచ్చే అడ్డు వాయునాళం ఇచ్చే దానిలో ఆరో వంతు. వాయునాళంలో గాలి సాఫీగా కాక సుడులు తిరుగుతుంది కాబట్టి నిజంలో తేడా ఇంకా ఎక్కువ.

1967లో మ్యాక్లెమ్, మీడ్ అనే శాస్త్రవేత్తలు గాలి దారుల్లోకి సన్నని గొట్టం చొప్పించి ఒత్తిళ్ళు కొలిచారు. రెండు మిల్లీమీటర్ల కంటే సన్నని దారులన్నీ కలిపి మొత్తం అడ్డులో కొద్ది భాగమేనని అప్పుడే తేలింది. తర్వాతి కొలతల్లో ఆ భాగం కాస్త ఎక్కువగా వచ్చినా, ఆరోగ్యవంతుల్లో అది చిన్న వాటాయే అన్నది నిలిచింది. దీని పర్యవసానం చూడండి. చిన్న దారుల వాటా 100లో 10 అనుకుందాం. వాటిలో సగం పూర్తిగా మూసుకుపోయాయి. వాటి అడ్డు రెట్టింపై 20 అవుతుంది. మొత్తం 100 కాస్తా 110 అవుతుంది. సగం పోయినా పెరిగింది పది శాతం. ఆ మనిషి మెట్లెక్కుతాడు, పొలం వెళతాడు, మామూలు పరీక్షలో అంకెలు బాగానే వస్తాయి. ఈ ప్రాంతాన్ని 1970లో మీడ్ నిశ్శబ్ద మండలం అన్నాడు.

గోడలో జరిగే పని

గాలి దారుల లోపలి పొర మీద శ్లేష్మం పలచగా పరుచుకుని ఉంటుంది. దాని కింద వెంట్రుకల్లాంటి శైలికలు, ఒక్కో కణానికి దాదాపు రెండు వందలు, సెకనుకు పది పదిహేనుసార్లు ఒకే దిక్కుకు కొడుతుంటాయి. దుమ్ము, సూక్ష్మజీవులు అంటుకున్న శ్లేష్మం నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పైకి, గొంతు వైపు కదులుతుంది. మనకు తెలియకుండానే మింగేస్తాం. పొగ తాగితే శైలికలు పొట్టిబడతాయి, శ్లేష్మం చేసే కణాలు పెరుగుతాయి. పొద్దున లేవగానే వచ్చే పొగరాయుళ్ళ దగ్గు ఆ పేరుకున్న కళ్ళెను తోసేందుకే.

పది మైక్రోమీటర్ల కంటే పెద్ద రేణువులు చాలావరకు ముక్కులోనే ఆగుతాయి. అంతకంటే చిన్నవి శ్వాసనాళాల మలుపుల్లో గోడలకు తగిలి శ్లేష్మంలో చిక్కుతాయి. ఏక్యూఐలో పీఎం 2.5 గా లెక్కించే, రెండున్నర మైక్రోమీటర్లకు మించని రేణువుల్లో కొన్ని ఇవన్నీ దాటి, గాలి ఆగినట్టుండే లోపలి భాగానికి చేరి అక్కడ వాలతాయి. వాయుగోణుల్లో శైలికలు ఉండవు. అక్కడ శుభ్రం చేసేది వాటిని మింగే రక్షక కణాలు మాత్రమే, ఆ పని చాలా నెమ్మది.

గోడ చుట్టూ మన ఇష్టంతో పనిలేని కండరం ఉంటుంది. వేగస్ నాడి దాన్ని బిగిస్తుంది, అడ్రినలిన్ సడలిస్తుంది. రాత్రి అడ్రినలిన్ తగ్గి వేగస్ ప్రభావం పెరుగుతుంది. ఉబ్బసం తెల్లవారుజామున ఎక్కువ కావడానికి ఇదొక కారణం.

పీల్చగలరు, వదలలేరు

ఉబ్బసం రోగి ఊపిరి అందట్లేదంటాడు గానీ, అసలు ఇబ్బంది వదలడంలో ఉంటుంది. పీల్చినప్పుడు ఛాతీ విచ్చుకుని, చుట్టూ ఉన్న వాయుగోణుల గోడలు శ్వాసనాళికలను అన్ని వైపులకూ లాగి తెరిచి ఉంచుతాయి. వదిలేటప్పుడు ఆ లాగుడు తగ్గుతుంది, ఛాతీ లోపలి ఒత్తిడి బయటినుంచి నొక్కుతుంది. ముందే ఇరుకైన దారి ఇంకా ఇరుకై గోడలు కంపిస్తే వచ్చేవే పిల్లికూతలు. అందుకే అవి ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు వినిపిస్తాయి. అడ్డు స్వరపేటిక దగ్గరుంటే శబ్దం పీల్చేటప్పుడు వస్తుంది. అనుభవమున్న డాక్టర్ స్టెతస్కోప్ పెట్టకముందే చోటు పసిగట్టడం ఇలాగే.

స్పైరోమెట్రీ కొలిచేదీ ఇదే. గుండెల నిండా పీల్చి, బలంగా ఊదితే మొత్తం ఎంత వచ్చింది, మొదటి సెకనులో ఎంత వచ్చింది అని చూస్తుంది. ఒకరు 4 లీటర్లు ఊదారు, మొదటి సెకనులో 3.2. అంటే 80 శాతం, దారి బాగుంది. ఇంకొకరు 3.6 లీటర్లు ఊదారు, మొదటి సెకనులో 1.8. యాభై శాతమే, దారి ఇరుకు. శ్వాసనాళాలు సడలించే మందు ఇచ్చి మళ్ళీ ఊదిస్తే 1.8 కాస్తా 2.4కు పెరిగితే బిగుతు కండరానిది, ఉబ్బసం వైపు మొగ్గు. 1.9 దగ్గరే ఆగితే గోడలు, వాయుగోణులు శాశ్వతంగా దెబ్బతిన్నాయేమో చూస్తారు.

సీవోపీడీ అనడానికి మందు తర్వాత కూడా ఆ మొదటి సెకను వాటా 70 శాతం కంటే తక్కువ ఉండాలన్నది ఎక్కువమంది పాటించే గీత. దీనిమీద వాదన ఉంది. వయసుతో ఈ శాతం సహజంగానే తగ్గుతుంది కాబట్టి, డెబ్బై దాటిన ఆరోగ్యవంతులకూ జబ్బు అంటగట్టినట్టవుతుందని, వయసును బట్టి గీత మార్చాలని ఒక పక్షం. ఒకే అంకె ఉంటే గుర్తుపెట్టుకోవడం తేలిక, చిన్న ఆసుపత్రుల్లోనూ వాడొచ్చు, అందులో దొరికిపోయినవారికి తర్వాతి ముప్పూ బాగానే తెలుస్తుందని రెండో పక్షం. మన జిల్లాల్లో స్పైరోమెట్రీయే అందనివారు ఎందరో ఉన్నారు కాబట్టి రెండో పక్షం మాటలో బరువుందనిపిస్తుంది.

ఇన్‌హేలర్ మీద భయం, మైక్రోగ్రాముల లెక్క

"ఇన్‌హేలర్ మొదలెడితే జీవితాంతం వదలదు", "అది ఆఖరి మందు" అని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. మాత్ర, సిరప్ తేలికవని అనుకుంటారు. శ్వాసనాళాలు సడలించే సాల్బుటమాల్ సంగతే చూస్తే, ఒక పీల్పులో 100 మైక్రోగ్రాములు. రెండు పీల్పులకు 200. అదే మందు మాత్రగా 4 మిల్లీగ్రాములు, అంటే 4,000 మైక్రోగ్రాములు. ఇరవై రెట్లు. మాత్ర కడుపు, కాలేయం, రక్తం మీదుగా ఒళ్ళంతా తిరిగి కొద్దిగా శ్వాసనాళాలకు చేరుతుంది. చేతులు వణకడం, గుండెదడ అందుకే ఎక్కువ. పీల్చిన మందులోనూ చాలా భాగం గొంతులో అంటుకుపోతుంది. ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం, స్పేసర్, ఆ వృథాను తగ్గిస్తుంది.

ఇక్కడ అసలైన చర్చ వేరే ఉంది. సాల్బుటమాల్ కండరాన్ని సడలిస్తుంది, లోపలి పొర వాపును ముట్టుకోదు. నిమిషాల్లో హాయిగా ఉంటుంది కాబట్టి రోగి దానితోనే నెట్టుకొస్తాడు, వాపు అలాగే ఉంటుంది. ఉబ్బసం మీద మార్గదర్శకాలు ఇచ్చే గినా సంస్థ 2019లో, పెద్దలకూ కౌమారంలో ఉన్నవారికీ సాల్బుటమాల్ ఒక్కటే ఇవ్వడాన్ని ఇక సిఫారసు చేయనని ప్రకటించింది. వాపు తగ్గించే స్టెరాయిడ్, కండరాన్ని సడలించే ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్‌నే అవసరమైనప్పుడు వాడే పద్ధతిని ముందుకు తెచ్చింది. 2018లో వెలువడిన పెద్ద పరీక్షల్లో, తేలికపాటి ఉబ్బసం ఉన్నవారిలో ఈ పద్ధతి తీవ్రమైన దాడులను రోజూ స్టెరాయిడ్ పీల్చినంతగా ఆపింది, మొత్తం స్టెరాయిడ్ మోతాదు బాగా తగ్గింది. అయితే రోజువారీ లక్షణాల అదుపులో రోజూ పీల్చేవారే కాస్త మెరుగ్గా ఉన్నారు. ఖరీదు ఎక్కువన్న అభ్యంతరమూ నిజమే. పీల్చే స్టెరాయిడ్ కూడా మైక్రోగ్రాముల్లోనే ఉంటుంది, మాత్రల స్టెరాయిడ్‌తో దాన్ని ఒకే గాటన కట్టలేం.

ఆ కండరం అసలెందుకుంది

ఉబ్బసంలో ఇంత ఇబ్బంది పెట్టే కండరం ఆరోగ్యవంతుడికి ఏం మేలు చేస్తుందన్నది ఇంకా తెగని ప్రశ్న. దగ్గినప్పుడు దారిని బిగించి గాలి వేగం పెంచుతుందని కొందరు, రక్తం తక్కువ అందే భాగానికి గాలిని తగ్గిస్తుందని కొందరు చెబుతారు. అవేవీ గట్టిగా రుజువు కాలేదని, అది ఇప్పుడు పనిలేని అవశేషమని వాదించేవారూ ఉన్నారు. కడుపులో బిడ్డ ఊపిరితిత్తులు ఎదిగేటప్పుడు ఈ కండరం లయగా ముడుచుకుంటూ లోపలి ద్రవాన్ని కదిలించడం మాత్రం ప్రయోగాల్లో కనిపించింది. ఆ కండరాన్ని వేడితో తగ్గించే బ్రాంకియల్ థర్మోప్లాస్టీకి అమెరికాలో 2010లో అనుమతి వచ్చింది. కొందరిలో దాడులు తగ్గాయి, కండరం తగ్గినందువల్ల ప్రత్యేకంగా ఏ పనీ ఆగినట్టు కనిపించలేదు. అవశేషమనేవారికి అది బలమైన ఆధారం. అయితే ఆ చికిత్స చేరేది పెద్ద దారులకే కాబట్టి చిన్నవాటి గురించి అది ఏమీ చెప్పదు.

సీవోపీడీ ఎప్పుడు, ఎక్కడ మొదలవుతుంది

పొగ తాగేవారందరికీ సీవోపీడీ రాదు. ఎన్నడూ తాగనివారికీ వస్తుంది. మన పల్లెల్లో ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ళు దీనికి సాక్ష్యం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం కింద, దేశమంతటా 2016 నుంచి ఉజ్వల కింద గ్యాస్ కనెక్షన్లు వచ్చాయి. కానీ సిలిండర్ ఖర్చుకు జంకి కట్టెలు వదలని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అంతకుముందు పీల్చిన పొగ గుర్తులు ఎలాగూ లోపలే ఉంటాయి.

ఒక వాదన ప్రకారం మొదలయ్యేది చిన్న శ్వాసనాళికల్లో. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఊపిరితిత్తుల ముక్కలను అతి సూక్ష్మ వివరాలు చూపే మైక్రో సీటీ స్కాన్‌తో చూశారు. 2018లో వెలువరించిన ఫలితాల్లో, జబ్బు తేలికగా ఉందనుకున్నవారిలోనే చివరి శ్వాసనాళికలు సుమారు 40 శాతం తక్కువగా ఉన్నాయి. స్పైరోమెట్రీ స్వల్ప తేడా చూపేసరికి నష్టం అంత దూరం వెళ్ళిందన్నమాట.

ఇంకో వాదన బాల్యం వైపు చూపిస్తుంది. ఊపిరి సామర్థ్యం ఇరవై ఏళ్ళ ప్రాయంలో గరిష్ఠానికి చేరి, తర్వాత మెల్లగా తగ్గుతుంది. 2015లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో, సీవోపీడీ వచ్చినవారిలో దాదాపు సగంమంది వేగంగా దిగజారినవారు కాదు, మొదటే తక్కువ గరిష్ఠంతో యవ్వనంలోకి వచ్చినవారు. నెలలు నిండకుండా పుట్టడం, చిన్నప్పటి నెమ్ము, ఇంట్లో పొగ ఆ గరిష్ఠాన్ని తగ్గిస్తాయి. 2020లో మూడో కోణం బలపడింది. కొందరికి ఊపిరితిత్తుల పరిమాణంతో పోలిస్తే గాలి దారులే సన్నగా ఉంటాయి, సీటీలో అలా కనిపించినవారికి పొగ తాగకపోయినా సీవోపీడీ ముప్పు ఎక్కువ.

ఈ మూడూ ఒకదాన్నొకటి కొట్టివేయవు. తక్కువ గొట్టాలతో, సన్నని గొట్టాలతో మొదలైన మనిషికి పోగొట్టుకోవడానికి మిగులు తక్కువ. అదే పొగకు పక్కవాడికంటే ముందే అతను గీత దాటతాడు. ఎవరిలో ఏది ఎక్కువ పనిచేసిందో విడదీయడం ఇప్పటి పరీక్షలతో కష్టం. శబ్ద తరంగాలను నోటి ద్వారా పంపి చిన్న దారుల అడ్డును కొలిచే ఆసిలోమెట్రీ కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో వాడుకలోకొచ్చింది. బలంగా ఊదనక్కర్లేదు, మామూలుగా ఊపిరి తీస్తే చాలు కాబట్టి చిన్నపిల్లలకూ, బాగా పెద్దవయసువారికీ చేయొచ్చు. ఆరోగ్యవంతులైన భారతీయుల్లో ఏ అంకె మామూలుదో చెప్పే ప్రమాణాలు విస్తృతంగా స్థిరపడ్డాకే, కట్టెల పొయ్యి దగ్గర కూర్చున్న నలభై ఏళ్ళావిడ లోపల ఎన్ని దారులు మూసుకున్నాయో ఆయాసం రాకముందే చెప్పే వీలు కలుగుతుంది.